వంశచరిత్రలో వయస్సులు

సూళ్లూరుపేటలో ఒక కుటుంబము తన వంశచరిత్రను వ్రాసికొనుచున్నదనుకొందము. శ్రీహరికోట నుండి రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరిన 1980 జూలై నెలలోనే ఆ ఇంటి అవ్వ గతించెను. మరణపత్రములో వయస్సు 70. ఆమె పింగళ సంవత్సరమున పుట్టెనని ఇంటివారి మాట. ఏది నమ్మదగినది?

పుట్టిన తేది తెలియనివారు 50, 55, 60 అని ఉజ్జాయింపుగా చెప్పుదురు. 23 నుండి 62 ఏండ్ల వారిలో 0, 5 అంకెలతో ముగియు వయస్సుల వారు సహజముగా ఐదింట ఒక వంతు ఉందురు. జనాభా లెక్కలలో అంతకు మించి కనబడినచో వయస్సులు సరిగా చెప్పలేదన్నమాట. ఈ కొలతయే విప్పుల్ సూచిక.

సంవత్సర నామములు అట్టివి కావు. పేర్లు అరువది, ఒక పేరు మరల వచ్చుటకు 60 ఏండ్లు పట్టును. పింగళ సంవత్సరము 1857, 1917, 1977లలో ఆరంభమైనది. 70 ఏండ్లనగా 1910 ప్రాంతము. దానికి దగ్గరిది 1917. కావున అవ్వ వయస్సు 62 లేక 63. పత్రమునే నమ్మి 1910 అని వ్రాసినచో, 1913లో పుట్టిన అన్నకంటె ఆమెయే పెద్దదగును! ఉజ్జాయింపు వయస్సు ఏ ఆవృత్తమో చెప్పును; నామము ఏ ఏడో చెప్పును.

ఒక జాగ్రత్త అవసరము. జనవరి నుండి ఉగాది వరకు పుట్టినవారికి ముందటి నామమే వర్తించును. సరిహద్దున గల ఈ ప్రాంతపు తమిళ కుటుంబములలో అవే పేర్లు ఏప్రిల్ నడుమ మారును.

జనన మరణముల నమోదునకు 1969లో దేశమంతటికి ఒకే చట్టము వచ్చినది. అంతకు ముందు పుట్టిన పెద్దలను విద్యార్థులు "ఎన్నేండ్లు?" అనుటతో ఆపక, "ఏ నామ సంవత్సరము?" అనియు అడిగి వ్రాసికొనవలెను. చెప్పగలవారు ఏటేట తగ్గుచున్నారు.