‘ఫెయిర్’ అను విశేషణము



ఇటీవల మా గ్రామమందలి రైతొకఁడు రెండు కాగితములతో నాకడకు వచ్చెను. ఒకటి మనుమని మార్కుల పత్రము. అందు గణితమున కెదురుగా ‘ఫెయిర్’ అని యుండెను. రెండవది కాలువ కొఱకు భూమిని సేకరించుటను గూర్చిన యాంగ్లప్రకటన. అందును ఆ మాటయే. “పంతులుగారూ, మావాడి లెక్కలు ఓ మోస్తరని దీని కర్థమని బడిలో చెప్పారు. అయితే నా పొలానికీ ఓ మోస్తరు సొమ్మేనా?” అని యతఁ డడిగెను. ఆ ప్రశ్నయే నేఁటి ప్రసంగమునకు బీజము.

మన శాస్త్రకారులు సైంధవశబ్దము నుదాహరింతురు. దానికి ఉప్పనియు గుఱ్ఱమనియు రెండర్థములు. భోజనమునకుఁ గూర్చున్నవాఁడు సైంధవము తెమ్మన్నచో ఉప్పును, ప్రయాణమునకు సిద్ధమైనవాఁడు తెమ్మన్నచో గుఱ్ఱమును దేవలెను. ప్రకరణమే యర్థమును నిర్ణయించును. ఈ యాంగ్ల విశేషణమును అట్టిదే.

ప్రాచీనాంగ్లమున దీనికి ‘చక్కనిది’ అని యర్థము. ఆకాశమునకుఁ జేర్చినచో నిర్మలమైనది. ప్రతికిఁ జేర్చినచో కొట్టివేఁతలు లేని శుద్ధప్రతి. మార్కుల పత్రమున మధ్యమము. మేనిచాయకుఁ జేర్చినచో తెల్లనిది. తెలుపును చక్కఁదనమును ఒక్క మాటలో నిమిడియుండుట మన పెండ్లి ప్రకటనలలో నెందఱు కన్యలకో మనస్తాపము గలిగించినది. 2020లో ఒక ప్రసిద్ధ ముఖలేపమువారు తమ సరకు పేరునుండి యీ మాటను తొలఁగించిరి.

ఇఁక తీర్పు, ధర, పరిహారము అను వానికిఁ జేర్చినపుడు దీని యర్థము ‘న్యాయమైనది’. ‘ఫెయిర్ ప్రైస్ షాపు’ను మనవారు చౌకధరల దుకాణమనిరి. చౌక వేఱు, న్యాయము వేఱు. చౌక కొనువానికే మేలు. న్యాయమైన ధర కొనువానికిని అమ్మువానికిని సమ్మతము.

2013 నాఁటి భూసేకరణ చట్టము పేరులోనే న్యాయమైన పరిహారమునకు హక్కు అను మాట యున్నది. అది 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. పల్లెభూముల మార్కెట్టు విలువను 1 మొదలు 2 వఱకుఁ గల గుణకముతో హెచ్చవేసి, చెట్లు కట్టడముల విలువను గూర్చి, ఆ మొత్తమునకు సమానమగు సొమ్మును ఊఱటధనముగాఁ గూడ నీయవలెనని యందు విధింపఁబడినది.

కావున నా రైతుతో నిట్లంటిని: “అయ్యా, మనుమని లెక్కలు ఓ మోస్తరే. మీకు రావలసినది మాత్రము ఓ మోస్తరు కాదు, న్యాయము. విలువ యెంత కట్టిరో, గుణక మెంత వేసిరో, ఊఱటధనము చేర్చిరో లేదో అడుగుఁడు.”

పెద్దలారా! పరభాషాపద మెదురైనపుడు తొందరపడి యొక్క యర్థమునే పట్టుకొనకుఁడు. అది యే విశేష్యము ప్రక్కన నిలిచినదో ముందుగాఁ జూడుఁడు. ఒక్కొకప్పుడు పొలము విలువ యంతయు ఆ చూపులోనే యుండును.

సెలవు.