యాభై ఎనిమిదో ఏట గాలం పాఠం

మా వీధిలో వాళ్ళు నాకు మతి చలించిందనే అనుకున్నారు. అనుకోరూ మరి! తెల్లవారి ఆరు గంటలకు తలకు టోపీ, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, తొమ్మిదడుగుల సన్నటి కర్రతో మేడ మీద గాలిని కొడుతున్న బ్యాంకు ఆఫీసరును చూస్తే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. ఎదురింటి వాచ్‌మన్ రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడో రోజు ఉండబట్టలేక, "సార్, ఇంగ మీన్ ఇల్లయే!" అని అరిచాడు. నంగనల్లూరులో మూడో అంతస్తు మీద చేపలు లేవన్న సంగతి నాకూ తెలుసు. అయినా నేను నేర్చుకుంటున్నది చేపలు పట్టడం కాదు, దారం విసరడం.

ఈ కథ మొదలైంది మొన్నటి సంక్రాంతికి. మా అబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. నెల రోజుల సెలవు మీద భార్యనూ, ఐదేళ్ళ కొడుకునూ తీసుకుని వచ్చాడు. పెట్టెలోంచి నాలుగు ముక్కలుగా ఉన్న ఒక కర్ర తీసి, ఒకదానిలో ఒకటి గుచ్చి నా చేతికిచ్చాడు. "నాన్నా, మీకే తెచ్చాను. దీన్ని ఫ్లై రాడ్ అంటారు" అన్నాడు.

నాకు బ్లడ్ ప్రెషర్ మిషనో, స్వెట్టరో తెస్తాడనుకున్నాను. "ఈ వయసులో నాకు గాలం ఎందుకురా?" అన్నాను. వాడు సమాధానం చెప్పలేదు. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, "ఏమండీ, వాడు అడుగుతున్నది గాలం సంగతి కాదు" అంది. ఆ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది.

దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తాను. మా అబ్బాయికి చిన్నప్పుడు లెక్కలు నేనే చెప్పేవాణ్ణి. నెల్లూరులో బి.కాం. చదివి, డెబిట్, క్రెడిట్ పైసాతో సహా సరిపోతేనే అన్నం తినే రకాన్ని. వాడు ఒక్క అంకె తప్పు వేస్తే నా గొంతు వీధి చివరికి వినిపించేది. చెక్క స్కేలు ఒకటి ఉండేది, దాని పని కూడా అప్పుడప్పుడూ పడేది. పదో తరగతి తరవాత వాడు నన్ను ఏదీ అడగడం మానేశాడు. అమెరికా వెళ్ళాక ఫోనులో మా సంభాషణ మూడు ముక్కలు: "బాగున్నావా?" "బాగున్నాను." "అమ్మకివ్వనా?" అంతే. పద్దు మూసేసిన ఖాతాలా ఉండేది మా వ్యవహారం.

అటువంటివాడు ఇప్పుడు నాకు పాఠం చెబుతానంటున్నాడు.

ఈ విద్య సంగతి పాఠకులకు కొంచెం చెప్పాలి. మనం ఎరిగిన గాలానికి చివర సీసపు గుండో, బరువైన ఎరో ఉంటుంది. దాన్ని విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈగ. ఈకలూ, ఉన్నీ పోగులూ కొక్కానికి చుట్టి పురుగులా కనిపించేటట్టు చేసిన ఎర అది. దానికి బరువే లేదు. మరి దూరం ఎలా పోతుంది? ఇక్కడ బరువు దారానిది. లావుపాటి ప్రత్యేకమైన దారాన్ని కర్రతో వెనక్కీ ముందుకూ ఆడిస్తే, అది గాలిలో విప్పుకుంటూ పోయి చివర ఉన్న ఈగను నీటి మీద మెల్లగా దించుతుంది.

నా కర్ర మీద 5 అనే అంకె ఉంది. దాని లెక్క అడిగాను, అంకె కనిపిస్తే అడగకుండా ఉండలేను కదా. అయిదో నంబరు దారంలో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. మా ఆవిడ వెంటనే, "కాసు బంగారం కన్నా ఒక గ్రాము ఎక్కువ" అంది. పానగల్ పార్కు దగ్గర నగల దుకాణాలు తిరిగిన అనుభవం ఊరికే పోతుందా? ముప్పై అడుగుల పొడవున పరుచుకున్న ఆ కాసు బంగారమంత బరువును గాలిలో నిలబెట్టడమే ఈ విద్య అంతా.

ఇది నిన్నమొన్నటి వినోదం కాదు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో రోములో ఉన్న ఏలియన్ అనే రచయిత, మాసిడోనియాలో జాలరులు కొక్కానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. మన మదరాసుకూ దీనితో పాత సంబంధమే ఉంది. మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం అచ్చు వేయించాడు. మన చెరువుల్లో గాలం వేయడం గురించి మరో పుస్తకమూ రాశాడు. నీలగిరుల్లో ట్రౌట్ చేపల్ని పెంచాలని ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు 1863లో ప్రయత్నించి విఫలుడయ్యాడు. తరవాతి వాళ్ళ ప్రయత్నాలు ఫలించి 1907లో అవలాంచిలో ట్రౌట్ పిల్లల ఉత్పత్తి కేంద్రం వెలిసింది. ఊటీకి వెళ్ళి బొటానికల్ గార్డెన్ చూసి వచ్చేసే మనకు ఈ సంగతులు ఎవరు చెబుతారు?

మొదటి రోజు మేడ మీద మా అబ్బాయి కొక్కెం కట్టనివ్వలేదు. మా ఆవిడ అల్లిక సంచిలోంచి ఎర్ర ఉన్ని ముక్క తీసి దారం చివర ముడేశాడు. కొక్కెం ఉంటే చెవికో కంటికో తగులుతుంది. టోపీ, కళ్ళద్దాలు అందుకే.

"గడియారం ముల్లు అనుకోండి నాన్నా. కర్ర వెనక్కి ఒంటిగంట దగ్గర ఆగాలి. ముందుకు పది దగ్గర ఆగాలి. మధ్యలో వేగం పెరగాలి. చివర టక్కున ఆగాలి."

ఇదేం బ్రహ్మవిద్య అనుకుని బలంగా ఊపాను. వెనక దండెం మీది మా కోడలి చున్నీ దారానికి చుట్టుకుంది. రెండోసారి దారం నా మెడకే చుట్టుకుంది. మూడోసారి 'ఛట్' మని కొరడా దెబ్బలా మోగి, ఎర్ర ఉన్ని ముక్క తెగి పక్క మేడ మీద పడింది. ఒక కాకి దాన్ని ముక్కున కరచుకుని పోయింది. మనవడు చప్పట్లు కొట్టాడు.

నేను మా అబ్బాయి ముఖం వైపు చూశాను. వాడి స్థానంలో నేను ఉంటే ఏమనేవాణ్ణో నాకు బాగా తెలుసు. వాడు మాత్రం ఇంకో ఉన్ని ముక్క కట్టి, "మళ్ళీ" అన్నాడు. ఆ ఉదయం తొమ్మిది ముక్కలు తెంపాను. తొమ్మిదిసార్లూ అదే గొంతుతో అదే మాట అన్నాడు.

నా తప్పులు రెండు. మొదటిది మణికట్టు. దాన్ని వెనక్కి వాల్చేస్తే కర్ర కొస కిందికి దిగిపోతుంది, దారం చీర ఆరేసినట్టు వెడల్పుగా పడుతుంది. దానికి మందు సులువే: కర్ర మొదలును చేతి రుమాలుతో ముంజేతికి వదులుగా కట్టాడు. మణికట్టు వంగితే వెంటనే తెలిసిపోతుంది. నాలుగు రోజుల్లో ఆ జబ్బు కుదిరింది.

రెండోది తొందర. కర్ర వెనక ఆగాక, దారం వెనక్కి పూర్తిగా విప్పుకునేదాకా ఊరికే ఉండాలి. దారం పొడుగైన కొద్దీ ఆ విరామమూ పెరగాలి. నేనేమో కనిపించని దారం మీద నమ్మకం లేక ముందే లాగేస్తున్నాను. అందుకే ఆ కొరడా మోత. 1990లో జే, బిల్ గామెల్ అనే తండ్రీ కొడుకులు ఈ విద్యకు అయిదు మూలసూత్రాలు రాశారట. అందులో ఈ విరామం ఒకటి. "కొడుకు తండ్రికి నేర్పాడా, తండ్రి కొడుక్కి నేర్పాడా?" అని అడిగాను. వాడు నవ్వేసి ఊరుకున్నాడు.

కండబలంతో పని లేదనడానికి వాడు మరో ఉదాహరణ చెప్పాడు. జోన్ వుల్ఫ్ అనే అమెరికా మహిళ 1960లో ఈ దారాన్ని 161 అడుగులు విసిరిందట. నాకు అప్పటికి ఇరవై దాటడం లేదు.

తరవాత బీసెంట్ నగర్ బీచికి మారాం. తెల్లవారుజామున అక్కడ గాలి నెమ్మదిగా ఉంటుంది. ఎండెక్కితే సముద్రపు గాలి దారాన్ని తెచ్చి ముఖానికే కొడుతుంది. ఇంటికి వెళ్ళగానే కర్రనూ, చక్రాన్నీ మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది. ఇవన్నీ నడిచేటప్పుడు చెప్పేవాడు. నడిచేటప్పుడే వేరే మాటలూ వచ్చేవి. వాడి ఉద్యోగంలో ఒకసారి వేటు పడబోయిన సంగతి, ఆ నెల రోజులూ నదికి వెళ్ళి ఒంటరిగా నిలబడిన సంగతి అక్కడే విన్నాను. "నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను. "మీరు తప్పెక్కడ జరిగిందని అడుగుతారని" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. అడిగి ఉండేవాణ్ణే.

ఒక ఆదివారం అందరం పులికాట్ వెళ్ళాం. చెన్నైకి ఉత్తరాన అరవై కిలోమీటర్ల దూరం, తమిళంలో పళవేర్కాడు. డచ్చి వాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్న చోటు. సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్ర వైపే ఉంది. అక్కడ మోకాలి లోతు నీళ్ళలో ఒక పెద్దాయన విసురు వల వేస్తున్నాడు. తాడు ఒక మణికట్టుకు కట్టుకుని, వలలో కొంత మోచేతి మీద, కొంత భుజం మీద సర్దుకుని, నడుము తిప్పి వదిలితే వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని, అంచుల చుట్టూ ఉన్న సీసపు గుళ్ళు ఒక్కసారిగా నీళ్ళలో పడుతున్నాయి.

మేము గట్టు మీద కొక్కెం లేకుండా విసరడం చూసి దగ్గరికి వచ్చాడు. మా తెలుగు విని తెలుగులోనే పలకరించాడు. కాసేపు చూసి, "సారూ, అది ఇంకా ఎనక్కి పోతానే ఉంది. అంతలోకే లాగేస్తే ఎట్లా? పోనీండి దాన్ని" అన్నాడు. ఆ కర్ర ఆయన ఎన్నడూ చూసింది కాదు. అయినా రోగం ఇట్టే పట్టేశాడు.

నన్ను వల వేసి చూడమన్నాడు. వేశాను. తడిసిన గోనెపట్టాలా ముద్దగా పడింది. ఆయన మా కర్ర తీసుకుని విసిరాడు, దారం ఆయన తలపాగాకే చుట్టుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. "నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పట్టింది పెద్దాయనా?" అని అడిగాను. "మా నాయన యేసేవాడు, నేను పక్కన నిలబడేవాణ్ణి. ఎన్నాళ్ళని చెప్పేది?" అన్నాడు.

ఆ సాయంత్రం, నీళ్ళు బంగారు రంగులోకి తిరుగుతున్న వేళ, నేను కర్ర వెనక్కి తీసి ఆపాను. మనసులో 'పోనీ' అనుకున్నాను. చేతిలో కర్రను ఎవరో వెనక నుంచి మెత్తగా లాగినట్టు తెలిసింది. దారం పూర్తిగా విప్పుకుందన్న మాట. అప్పుడు ముందుకు తెచ్చి ఆపాను. దారం సన్నటి మడతగా విప్పుకుంటూ పోయి నీటి మీద తిన్నగా పరుచుకుంది. ఎర్ర ఉన్ని చివరగా వాలింది. అడుగులు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలని తోచనే లేదు. అది నాకు మామూలు విషయం కాదు.

మా అబ్బాయి ఏమీ అనలేదు. పక్కన నిలబడ్డాడు, అంతే.

విమానాశ్రయంలో మనవడు నా వేలు పట్టుకుని, "తాతా, నాకూ అది కావాలి" అన్నాడు. "మీ నాన్న నేర్పుతాడు, నాకన్నా బాగా నేర్పుతాడు" అన్నాను. మా అబ్బాయి పెట్టెలు సర్దుతూ తల ఎత్తకుండానే, "లేదు నాన్నా, వచ్చే వేసవికి మీరు రండి. వాడికి మీరే నేర్పాలి" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి రోజూ పొద్దున్నే మేడ ఎక్కుతున్నాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది, సెలవు అర్జీ మాత్రం ఇప్పుడే పెట్టాను. ఇప్పటికి ముప్పై అడుగులు పడుతోంది. గాలి ఉన్న రోజున ఉన్ని ఇంకా తెగుతూనే ఉంది. తెగినప్పుడల్లా ఇంకో ముక్క కట్టి, "మళ్ళీ" అని పైకే అనుకుంటున్నాను. దారం సంగతి ఎలా ఉన్నా, ఆ మాటను అదే గొంతుతో తొమ్మిదిసార్లు అనడం నాకు ఇంకా బాగా రావాలి. వేసవి వచ్చేలోగా వస్తుందనే నమ్మకం.