సగం టేబుల్ మీద, సగం కంప్యూటర్‌లో.. బిల్డింగ్‌కి భూకంప పరీక్ష ఇలా!

నెల్లూరు జిల్లా ఉదయగిరి, వింజమూరు వైపు భూమి కంపించడం, జనం వీధుల్లోకి పరుగులు తీయడం కొత్తేమీ కాదు. నష్టం లేదు కదా అని మర్చిపోతాం. కానీ పక్కనే ఒంగోలులో 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2002 నాటి భూకంప మ్యాప్‌లో నెల్లూరుది మూడో జోన్. చెన్నై, విజయవాడలదీ అదే. మరి తీరంలో లేస్తున్న అపార్ట్‌మెంట్లు గట్టి కుదుపుకి నిలబడతాయో లేదో ముందే తెలిసేదెలా?

ఒక దారి షేక్ టేబుల్. పెద్ద పలక, దాన్ని కదిపే హైడ్రాలిక్ జాక్‌లు. ఎప్పుడో రికార్డయిన భూకంపాన్ని మళ్లీ అలాగే ఆడిస్తారు. చెన్నై తరమణిలోని సెర్క్‌లో ఇలాంటివి ఉన్నాయి. చిక్కల్లా సైజుతోనే. బెంగళూరు సీపీఆర్‌ఐ టేబుల్ 3 మీటర్ల చదరం, మోసేది 10 టన్నులు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ బరువేమో వందల టన్నులు! జపాన్‌లోని ఈ-డిఫెన్స్ 1200 టన్నులు మోస్తుంది కానీ, అలాంటిది అందరికీ ఎక్కడ దొరుకుతుంది?

రెండో దారి కంప్యూటర్. ఎంత పెద్ద బిల్డింగైనా లెక్కలో పెట్టొచ్చు. అయితే కాంక్రీట్ పగిలి, రాడ్డు వంగాక ఏమవుతుందో అది పక్కాగా చెప్పలేదు.

అందుకే రెండూ కలిపారు. డాబా మీద వాటర్ ట్యాంకునే తీసుకోండి. లోపల నీళ్లు ఎలా ఎగసిపడతాయో లెక్కకి సరిగ్గా అందదు. కాబట్టి నీళ్లతో సహా ట్యాంకును టేబుల్ మీద పెడతారు. కింది ఐదంతస్తులు కంప్యూటర్‌లోనే ఉంటాయి. డాబా ఎంత ఊగుతుందో కంప్యూటర్ చెబితే, టేబుల్ అంతే ఊగుతుంది. ట్యాంకు తిరిగి ఎంత బలంగా తోసిందో సెన్సర్లు కొలిచి పంపుతాయి. ఆ లెక్కతోనే తర్వాతి ఊపు. ఇదంతా సెకనుకు వందల సార్లు జరగాలి.

అసలు కష్టం ఇక్కడే. జాక్ కొన్ని మిల్లీ సెకన్లు లేటయినా, ఆగాల్సిన ఉయ్యాలను ఎవరో తోస్తున్నట్టు లేని శక్తి వచ్చి చేరుతుంది. ఊపు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, టెస్ట్ ఆపేయాల్సి వస్తుంది. అందుకే ఆ ఆలస్యాన్ని ముందే అంచనా వేసి సరిచేసే ప్రోగ్రామ్‌లు రాస్తారు.

మనకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం పార్కింగ్ పిల్లర్ల పరీక్షే. 2001 భుజ్ భూకంపంలో వందల కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో కూడా, కింద పార్కింగ్ కోసం ఖాళీ వదిలిన అపార్ట్‌మెంట్లు కూలాయి. పై అంతస్తుల్లో గోడలుంటాయి, కింద ఒట్టి పిల్లర్లే. దీనికి టేబుల్ కూడా అక్కర్లేదు. పై అంతస్తులను కంప్యూటర్‌కి అప్పగించి, అసలు సైజు పిల్లర్‌ని జాక్‌లతో అటూ ఇటూ లాగుతారు, అది బద్దలయ్యేదాకా.