షుగరుంటే కుంగుబాటు రెట్టింపా?

షుగరు ఉన్నవారికి కుంగుబాటు ముప్పు రెట్టింపు! ఈ మాట చెవిన పడితే మాత్రలు మింగే మనిషున్న ఇంట్లో గుబులు పుట్టడం సహజం. ఇంతకీ ఆ లెక్క ఏమంటోంది?

2001లో పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 42 అధ్యయనాలను కలిపి చూశారు. షుగరు లేనివారితో పోలిస్తే ఉన్నవారిలో కుంగుబాటుకు అవకాశం రెట్టింపని తేల్చారు. అంటే అందరికీ వస్తుందని కాదు. మాటవరసకు, షుగరు లేని వంద మందిలో పది మందికి కుంగుబాటు ఉందనుకుందాం. షుగరున్న వంద మందిలో 18 నుంచి 20 మందికి ఉండొచ్చు. మిగిలిన 80 మందికి ఆ బాధ లేనట్టే.

ప్రశ్నను బట్టి లెక్క

చెన్నైలో 25,455 మందిపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో 15.1 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో తమిళనాడు సహా 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వే మాత్రం, జీవితంలో ఒక్కసారైనా కుంగుబాటుకు లోనైనవారు 20 మందిలో ఒకరని చెప్పింది. ఎందుకింత తేడా? ఊళ్లు వేరు, అడిగిన తీరూ వేరు. మొదటిది లక్షణాల చిట్టా చదివి మార్కులు వేసింది. రెండోది జబ్బును నిర్ధారించే ప్రశ్నలు అడిగింది.

ఇంకో చిక్కుంది. నీరసం, నిద్ర పట్టకపోవడం ఆ చిట్టాలో ఉండేవే. షుగరు అదుపు తప్పినా ఇవే కనిపిస్తాయి.

ఏది ముందు?

ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో సంబంధం రెండువైపులా కనిపించింది. షుగరుతో దిగులు రావచ్చు, దిగులున్నవారికి షుగరూ రావచ్చు. దిగులు పడ్డ మనిషి మాత్రలు మరుస్తాడు, నడక మానేస్తాడు, తిండి వేళ తప్పుతుంది. షుగరు ఇంకా పెరుగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే.

మన మాటలోనే చెప్పండి

హోసూరులో తమిళంలో, బళ్లారిలో కన్నడంలో షుగరు నంబరు చెప్పేస్తాం. ‘మనసేం బాలేదు సార్’ అనడానికి మాత్రం నోరు పెగలదు. రెండు వారాలు దాటినా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే. భాష తెలిసిన ఇంటివాళ్లను వెంట తీసుకెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజూ ఆగొద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.