గోడకు ఆ వైపు

ఇల్లు కట్టుకున్న ఏడాదే ప్రహరీ గోడకు రెండడుగుల దూరంలో మేము ఒక నేరేడు మొక్క నాటాము. విశ్వాసి నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అతనికి దాన పుణ్యం లభిస్తుందన్న దైవప్రవక్త (స) శుభవార్త బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆ ఆశతోనే గొయ్యి తవ్వాము. గోడకు ఆ వైపు ఎవరున్నారో ఆలోచించలేదు.

పదిహేనేళ్లలో చెట్టు మేడను మించి ఎదిగింది. పండ్ల కాలం వచ్చిందంటే పక్కింటి వృద్ధురాలి వాకిలి నల్లబడేది. గోడ కూడా బీటలు వారింది. ఆమె ఏనాడూ మాట అనలేదు. ఆ మౌనాన్ని మేము అంగీకారంగా భావించాము. ఒక ఉదయం రాలిన పండ్లపై కాలు జారి, పడబోయి ఆమె గోడ పట్టుకోవడం చూశాము. ఎవరి కీడు నుండి పొరుగువారికి రక్షణ లేదో అతను విశ్వాసి కాడన్న హెచ్చరిక పిల్లలకు ఎన్నిసార్లు బోధించామో! ఆ రోజు అది మాకే పాఠమైంది.

మేస్త్రీ గోడ చూసి కారణం చెప్పాడు. మాది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వేళ్లు తేమను పీల్చిన చోట నేల మరింత కుంగి, లోతు లేని పునాదిపై గోడ పగులుతుంది.

మరి చెట్టును నరికివేయాలా? ఉస్మానియా సామ్రాజ్యంలో 1869, 1876 సంవత్సరాల మధ్య హనఫీ ఫిఖహ్ ఆధారంగా రూపొందిన 'మజల్లా' దీనికి మధ్యేమార్గం చూపింది. పొరుగింటిపైకి వాలిన కొమ్మలను కట్టించే, కొట్టించే హక్కు పొరుగువారికి ఉంది. కేవలం నీడ పడుతోందని చెట్టునే నరికించే హక్కు లేదు. మేము ఆమెను క్షమాపణ కోరి, ఆ వైపు కొమ్మలు కొట్టించి, గోడను మా ఖర్చుతో బాగు చేయించాము. ఆ ఏడు తొలి పండ్లు ఆమె ఇంటికే పంపాము.

మొక్క కొనే ముందు దాని పూర్తి ఎదుగుదలను ఊహించుకోవాలి. తోటల్లో మామిడి చెట్ల మధ్య 30 అడుగులు వదలడం పాత పద్ధతి. మామిడి, నేరేడు, పనస ఇరుకు పెరడుకు తగవు. చోటు తక్కువైతే దానిమ్మ, నిమ్మ మేలు. వాటినీ గోడకు ఐదారు అడుగుల ఎడంగానే నాటాలి.

మన చెట్టు ఫలం పొరుగువారికి అందాలి గాని భారం కాకూడదు. అల్లాహ్ మనకు ఆ వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.