తాబేళ్ల దీవులలో షష్టిపూర్తి

మన పంచాంగమున సంవత్సరములు అరువది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసిన పిమ్మట మరల ప్రభవయే వచ్చును. పుట్టిన సంవత్సరము పేరుతో సహా మనుష్యుని వెదకుకొనుచు తిరిగి వచ్చిననాడు తెలుగువారు షష్టిపూర్తి చేసికొందురు. పాశ్చాత్యులకు ఈ నామచక్రము లేదు. అయినను ఏబదియో అరువదియో నిండిన పుట్టినరోజును వారును ప్రత్యేకముగనే తలంతురు. విందుకు మారుగా ఒక ప్రయాణము పెట్టుకొనుట వారిలో అనేకులకు పరిపాటి. చిన్ననాడు పాఠ్యపుస్తకమున చూచిన ఒక బొమ్మ అప్పుడు జ్ఞప్తికి వచ్చును. అట్టి బొమ్మలలో గాలపాగోస్ తాబేలు ఒకటి. ఆ ద్వీపముల పేరెత్తక పరిణామవాదమును బోధించిన జీవశాస్త్రోపాధ్యాయుడు ఉండడు. వానిని కన్నులార చూచినవాడును అరుదు.

పేరు వినగనే ధనికుల విహారనౌక మనస్సున మెదలును. నెలజీతముపై బ్రదికినవానికి అది అందని మ్రానిపండే యని తోచును. ఈ భయము సగము నిజము, సగము అపోహ. ఏది తగ్గించుకొనవచ్చునో, ఏది తగ్గించుకొనరాదో తెలిసిన యెడల సామాన్యుడును పోయి రాగలడు.

ఈ ద్వీపములు ఈక్వడార్ దేశమునకు చెందినవి. తీరమునకు పడమరగా సుమారు వేయి కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖపై, అగ్నిపర్వతములు కక్కిన రాతితో పుట్టినవి. 1535లో పనామా బిషప్పు తోమాస్ దె బెర్లాంగా పెరూ దేశమునకు పోవుచుండగా గాలి పడిపోయి, ఓడ ప్రవాహమున కొట్టుకొని వచ్చి ఇచట చేరెను. ఇచటి పక్షులు మనుష్యుని చూచి తొలగవని ఆయన స్పెయిన్ రాజునకు వ్రాసెను. నేటి యాత్రికుడు మూల్యము చెల్లించి చూడబోవునది ఆ బెదురులేనితనమునే. సముద్రసింహము బాటకు అడ్డముగ పండుకొని లేవదు. నీలిపాదముల బూబీ పక్షి కాలిబాట నడుమనే గ్రుడ్లు పెట్టుకొని కూర్చుండును. సముద్రములో మునిగి నాచు మేయు ఇగ్వానాలు, ఎగురుట మరచిన నీటికాకులు, భూమధ్యరేఖ దగ్గర పెంగ్విన్ పక్షులు ఇట్లు ఒక్కచో కానవచ్చుట లోకమున మరియెచ్చటను లేదు.

ఆ బెదురులేనితనమే తాబేళ్ల కొంప ముంచినది. నెలల తరబడి తిండియు నీరును లేకున్నను అవి చావవు. కనుక తిమింగలముల వేటగాండ్రు వానిని వెల్లకిల వేసి ఓడ అడుగున పేర్చుకొని, కావలసినప్పుడెల్ల కోసికొని తినిరి. అట్లు పోయినవి లక్షకు తక్కువ కావని అంచనా. 1835 సెప్టెంబరులో బీగిల్ ఓడపై డార్విన్ వచ్చిన నాటికి అతని వయస్సు 26 ఏండ్లు. ఉన్నది ఐదు వారములు. తాబేటిని చూచి అది ఏ ద్వీపమునకు చెందినదో చెప్పగలనని అచటి ఉపపాలకుడు లాసన్ అతనితో అనెను. ఆ మాటలోని లోతు డార్విన్‌కు వెంటనే అందలేదు. బీగిల్ నావికులు తమతో తెచ్చుకొన్న తాబేళ్లను దారిలో తినివేసి పెంకులను సముద్రమున పారవేసిరి. ద్వీపమునకు ద్వీపమునకు గల భేదమును రుజువు చేయదగిన సాక్ష్యము ఆ పెంకులే! శాస్త్రచరిత్రలో ఇంత ఖరీదైన భోజనము మరియొకటి ఉండదు.

ఇక ప్రయాణపు మాట. క్విటో నుండియో గ్వయకిల్ నుండియో విమానమున బాల్ట్రా ద్వీపమునకు గాని, సాన్ క్రిస్తోబాల్ ద్వీపమునకు గాని దిగవలెను. జాతీయోద్యానవన ప్రవేశ రుసుము విదేశీయులకు 1998 నుండి 100 డాలర్లుగ ఉండి, 2024 ఆగస్టు నుండి 200 డాలర్లైనది. ఎక్కుటకు ముందు పొందవలసిన రాకపోకల పత్రమునకు వేరొక చిన్న రుసుము. విమానపు టిక్కెట్టును ఈ రుసుములును ధనికునకు పేదకు ఒక్కటే. వీనిలో బేరము లేదు. బేరమంతయు అటుపై రాత్రులు గడుపు విధమున ఉన్నది.

విధములు రెండు. ఒకటి, పడవలోనే నిదురించుచు, రాత్రి సాగి ఉదయమునకు క్రొత్త ద్వీపము చేరుట. రెండవది, ఊరిలో బసచేసి దినదినము బయలుదేరి వచ్చుట. జనులు నివసించు ద్వీపములు నాలుగే చెప్పుకొనదగినవి: సాంతా క్రూజ్, సాన్ క్రిస్తోబాల్, ఇసబెలా, ఫ్లోరియానా. భూభాగమున నూటికి 97 వంతులు ఉద్యానవనమే. సాంతా క్రూజ్‌లోని ప్వెర్తో అయోరా ఊరిలో సామాన్యమైన బసలు దొరకును. అచట పైకము లేకయే చూడదగిన వింత చేపల అంగడి. చేపలు కోయు బల్లచెంత సముద్రసింహము ఖాతాదారువలె తల ఎత్తి నిలుచుండును. దాని వెనుక వరుసలో గూడకొంగలు. ఊరి నుండి రెండున్నర కిలోమీటర్లు నడచినచో తోర్తూగా తీరము. ఆ ఇసుకపై ఇగ్వానాలు. ఒక ద్వీపమునుండి మరియొకదానికి వేగపు మోటారుపడవలు సుమారు రెండు గంటలలో చేర్చును. ఒళ్లు హూనమగునను మాట మాత్రము దాచుటకు వీలులేదు.

ఊరిబస చవుక. కాని దానికి ఒక మేర కలదు. జెనొవేసా, ఫెర్నాండినా వంటి దూరద్వీపములకు సాధారణముగా నిద్రపడవలే పోవును. పైగా దినయాత్రలను ఒక్కొక్కటిగ కొనుచు పోయినచో చివరకు లెక్క తేలునప్పటికి పడవవెలకు చేరువ కావచ్చును. మధ్యేమార్గము ఉన్నది: నాలుగైదు దినములు చిన్న పడవలో, మిగిలినవి ఊరిలో. ఇచట ఒక మెలకువ. వచ్చుదినము, పోవుదినము కూడ పడవవారి లెక్కలో దినములే. నాలుగు దినముల యాత్రయన్నచో నిండుగ దక్కునవి రెండే. కనుక తక్కువ దినముల టిక్కెట్టు చూచి సంతోషపడువాడు దినమునకు ఎంత పడుచున్నదో భాగహారము చేసి చూడవలెను. ఈ లెక్క ఐదవ తరగతి పిల్లవాడు చేయగలడు, పెద్దలే చేయరు.

పడవలు పదునారు మందిని మోయు చిన్నవాని నుండి నూరుమంది పట్టు పెద్దవాని వరకు ఉన్నవి. నూరును మించరాదని చట్టము. ఎంతటి విలాసనౌకకైనను, ఎంతటి బీదపడవకైనను పదునారుమందికి ఒక మార్గదర్శకుడు ఉండియే తీరవలెను. అదే బాట, అదే తాబేలు. మెత్తని పరుపును, విందుభోజనమును వదలుకొన్నవానికి నష్టమేమియు లేదు. వదలుకొనరానిది మంచి మార్గదర్శకుని. అతడు లేనిచో ఆ నల్లరాళ్లు రాళ్లే. ఒంటరిగ పోవువానికి గది మొత్తము వెల కట్టుదురు. అపరిచితునితో గది పంచుకొనుటకు ఒప్పుకొన్నచో కొన్ని పడవలలో అది తప్పును. ఖాళీ మిగిలిన పడకలను చివరి క్షణమున చవుకగ అమ్ముటయు కలదు. క్విటోలోనో ప్వెర్తో అయోరాలోనో వేచియుండగల తీరిక కలవానికి అది లాభము. ఫలానా తేదీననే పోవలెనని పట్టుపట్టినవానికి కాదు.

పుట్టినతేదీని పట్టుకొని వ్రేలాడుట నిజమునకు పెద్ద పొరపాటు. ఋతువును బట్టి చూచునది మారును. జనవరి మొదలు మే వరకు ఎండ, అప్పుడప్పుడు వాన, నిలుకడగల వెచ్చని సముద్రము. జూన్ నుండి నవంబరు వరకు హంబోల్టు శీతలప్రవాహము బలపడి, గరూవా అను సన్నని తుంపర కురియును. అప్పుడు నీటిలో ఆహారము సమృద్ధి, పక్షులకు పండుగ. సముద్రమునకు మాత్రము కోపము. ఎస్పన్యోలా ద్వీపపు ఆల్బట్రాస్ ఏప్రిల్ నుండి డిసెంబరు వరకే కానవచ్చును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వెలలు తగ్గును, అలలు పెరుగును. కడుపులో త్రిప్పువారు ఆ తగ్గింపును ఆశింపకుండుట మేలు. అరువదియేండ్లవాడు మరియొకటి ఆలోచింపవలెను. రబ్బరుపడవ నుండి మోకాటిలోతు నీటిలోనికి దిగుట, గరుకురాతిపై నడచుట, బార్తొలొమే శిఖరమునకు మూడువందలకు పైబడిన చెక్కమెట్లు ఎక్కుట తప్పవు. ఒక సంవత్సరము ముందుగ ఉదయపు నడక అలవరచుకొనుట ఖర్చులేని సన్నాహము.

రుసుము రెట్టింపు చేయుట అన్యాయమని సణుగువారు కలరు. ద్వీపములను కాపాడుట ఎంతటి పనియో ఎరిగినచో ఆ సణుగుడు తగ్గును. ఎస్పన్యోలాలో ఒకప్పుడు పదునాలుగు తాబేళ్లే మిగిలినవి: ఆడవి పండ్రెండు, మగవి రెండు. 1963 నుండి 1974 లోపల వానిని పట్టి తెచ్చి, సాన్ డియెగో జంతుశాలలో నున్న మరియొక మగతాబేటిని రప్పించి, సంతానమును పెంచి దాదాపు రెండువేల పిల్లలను ద్వీపమున వదలిరి. డియెగో అను ఆ తాబేలు నూరేండ్లు దాటినదని భావింపబడుచు 2020 జూన్‌లో స్వస్థలమునకు తిరిగి పోయినది. దాని ముందు మన షష్టిపూర్తి బాల్యచేష్ట. పింటా ద్వీపపు చివరి తాబేలు జార్జ్ మాత్రము 2012లో తోడులేకయే చచ్చినది. తాబేళ్ల మేతను తినివేయు లక్షకు మించిన మేకలను ఇసబెలా ప్రాంతమున నిర్మూలించుటకు 1997 నుండి 2006 వరకు పట్టినది.

మేక వచ్చినది మనుష్యుని వెంటనే. నేడు ఏటేట వచ్చు యాత్రికులు మూడు లక్షలకు దరిదాపులలో ఉన్నారు. వారి చెప్పుల మట్టిలో ఒక విత్తు, సంచిలో ఒక పురుగు చాలును. అందుకే విమానాశ్రయమున సామాను సోదాచేయుదురు. జంతువునకు రెండు మీటర్ల దూరము తప్పదందురు. జనములేని ద్వీపముపై తిండి తీసికొని దిగనీయరు. పుట్టినరోజు మిఠాయి పడవలోనే తినవలెను. చవుక కొరకు ఊరిబస ఎన్నుకొన్నవాడు మరియొక చిక్కును గమనింపవలెను: అతని పైకము స్థానికుల చేతికి నేరుగ చేరును, కాని బసలు పెరిగినకొలది ఊరికి కావలసిన నీరును, చెత్తయు, ప్రధానభూమినుండి వచ్చు ఓడలును పెరుగును. రెంటిలో ఏది మేలో తేల్చిచెప్పుట కష్టము. తక్కువ చోట్లు చూచి ఎక్కువ దినములు నిలుచుటయే రెండు విధములందును ఒప్పిదము.

ఫ్లోరియానా తీరమున ఒక పీపా కలదు. తిమింగలవేటగాండ్ర కాలమునుండి అది తపాలాపెట్టె. ఇంటికి మరలు ఓడవారు తమ ఊరివైపు చిరునామాలున్న జాబులను ఏరి తీసికొనిపోవుచుండిరి. నేటికిని యాత్రికులు అట్లే చేయుచున్నారు. గుంటూరునకో కరీంనగరమునకో చిరునామా వ్రాసి అందులో కార్డు వేసినవానికి బిళ్ల అక్కరలేదు. ఆ దారిన పోవు మరియొక తెలుగువాడు వచ్చువరకు అది అచటనే ఉండును.