బ్లోబ్యాక్ కార్బైన్‌కి రీలోడింగ్: బోల్ట్‌కి తాళం లేదని మర్చిపోవద్దు

మొన్న డల్లాస్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నా నైన్ ఎంఎం పిస్టల్‌కి ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటున్నా, కొత్తగా కార్బైన్ కొన్నాను, అవే తూటాలు ఇందులో వాడొచ్చా?" అని. వాడొచ్చు, చాలామంది వాడతారు. కానీ రెండు తుపాకులూ ఆ తూటాని ఒకేలా పట్టుకోవు. ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

ముందుగా చట్టం సంగతి, రెండు ముక్కల్లో. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికైతే కావాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి మాత్రం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, లాయర్ని అడిగి తెలుసుకోండి. ఇక ఇండియాలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆర్మ్స్ యాక్ట్ కింద నేరం. కాబట్టి ఇదంతా అక్కడి హాబీ గురించే.

ఇప్పుడు అసలు విషయం. మామూలు నైన్ ఎంఎం పిస్టల్లో పేలిన క్షణాన బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. బుల్లెట్ వెళ్లిపోయి ప్రెషర్ తగ్గాకే విడిపోతాయి. బ్లోబ్యాక్ కార్బైన్లో ఆ తాళం ఉండదు. బోల్ట్ అనే ఇనప దిమ్మ, దాని వెనక స్ప్రింగ్, అంతే. స్ప్రింగే ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆ మొదటి క్షణంలో స్ప్రింగ్ చేసేది చాలా తక్కువ, ఆపేది బోల్ట్ బరువే.

లెక్క వేసి చూద్దాం. 115 గ్రెయిన్ల బుల్లెట్ అంటే సుమారు 7.5 గ్రాములు. బోల్ట్, దాంతో కదిలే బఫర్ కలిపి 600 గ్రాములు అనుకోండి. అంటే బుల్లెట్ కన్నా 80 రెట్లు బరువు. బుల్లెట్ ముందుకి 80 మిల్లీమీటర్లు వెళ్తే బోల్ట్ వెనక్కి ఒక మిల్లీమీటరు వస్తుంది. 16 అంగుళాల బ్యారెల్లో బుల్లెట్ దాదాపు 38 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అది బయటపడేసరికి బోల్ట్ దగ్గర దగ్గర అయిదు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చేసి ఉంటుంది. తూటా కేస్ మొత్తం పొడవే 19 మిల్లీమీటర్లు! అందులో అడుగున మందంగా ఉండే భాగం కొద్దిగానే, పైనంతా పల్చని ఇత్తడి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మందు ఎక్కువ వేస్తే బోల్ట్ "ముందే తెరుచుకుంటుంది" అంటారు. నిజానికి బుల్లెట్ ఎక్కడుంటే బోల్ట్ ఎంత వెనక్కి రావాలనేది వాటి బరువుల నిష్పత్తే చెబుతుంది, మందు కాదు. మందు మార్చేది, ఆ అయిదు మిల్లీమీటర్లు తెరుచుకునే టైమ్‌కి లోపల ఇంకా ఎంత ప్రెషర్ మిగిలి ఉందనేదాన్ని. బుల్లెట్ బరువు మారిస్తే దూరమే మారుతుంది. 147 గ్రెయిన్లు వేశారనుకోండి, అయిదు కాస్తా ఆరు అవుతుంది. పిస్టల్లో బాగా పనిచేసిన బరువు బుల్లెట్, నెమ్మదిగా మండే మందు ఇక్కడ మసి, ముఖానికి కొట్టే గ్యాసు, అడుగున ఉబ్బిన కేసులు ఇవ్వడానికి కారణం అదే.

నైన్ ఎంఎంకి అమెరికన్ ప్రమాణం ప్రకారం గరిష్ఠ ప్రెషర్ 35,000 పీఎస్ఐ. మన కారు టైర్లో ఉండేది 35. వెయ్యి రెట్లు. దాన్ని మీ కంటికి ఒక జానెడు దూరంలో పట్టి ఉంచేది ఆ ఇత్తడే.

అందుకని కేసుల్ని చూడండి. కొన్ని కంపెనీల కేసుల్లో లోపల గోడకి మెట్టులాంటి అంచు ఉంటుంది, అక్కడే తెగే ప్రమాదం ఉంది. నేనైతే టార్చ్ వేసి చూసి పక్కన పడేస్తాను. ఇంకోటి, తూటా చాంబర్‌లో పూర్తిగా కూర్చోకముందే పేలితే పల్చని ఇత్తడికి వెనక ఆసరా ఉండదు. పిస్టల్ బ్యారెల్ ఊడదీసి తూటా జారవిడిచి చూస్తాం కదా, చాలా కార్బైన్లలో అంత వీలు కాదు. కేస్ గేజ్ కొనుక్కోండి, ప్రతి తూటా అందులో వేసి చూడండి. ప్రైమర్ పైకి పొడుచుకొచ్చి ఉందేమో వేలితో తడమండి.

మందు తగ్గిస్తే సేఫ్ అనుకునేవాళ్లకి నా సొంత అనుభవం చెప్తాను. మెత్తగా ఉంటుందని తక్కువ మందుతో కట్టుకుని రేంజ్‌కి వెళ్లాను. ఒక తూటాకి "ఢాం" బదులు "టుప్" అని వచ్చింది. బోల్ట్ వెనక్కి రాలేదు. జామ్ అయిందనుకుని అలవాటుగా చేత్తో లాగి ఇంకోటి ఎక్కించాను. పక్క బెంచీ పెద్దాయన "ఆపు!" అని గట్టిగా అరిచాడు. ఊడదీసి రాడ్ పెడితే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది. నేను ట్రిగ్గర్ నొక్కి ఉంటే... సరే వదిలేయండి.

పొడుగు బ్యారెల్లో రాపిడి ఎక్కువసేపు ఉంటుంది, రాగి తొడుగు బుల్లెట్లకి మరీను. పిస్టల్లోంచి ఎలాగో బయటపడే బలహీనమైన తూటా ఇక్కడ ఆగిపోవచ్చు. పైగా అది బోల్ట్‌ని తొయ్యలేదు కాబట్టి, చూడ్డానికి అచ్చం మామూలు జామ్‌లాగే ఉంటుంది.

ఎన్ని గ్రెయిన్లు వెయ్యాలో నేను చెప్పను, అడగొద్దు. మందు కంపెనీ అచ్చేసిన మాన్యువల్ ఉంటుంది. మీ బుల్లెట్, మీ మందు పేరు అందులో ఉంటేనే వాడండి. ప్రారంభ మోతాదు కన్నా కిందకీ, గరిష్ఠం కన్నా పైకీ వెళ్లొద్దు. స్కేల్ దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఉబ్బిన కేసుల్ని సైజింగ్ డై ఎందుకు పూర్తిగా సరిచేయలేదో, నా దగ్గరున్న కేసులు చూపించి చెప్తాను. ఉంటానండీ.